ఫిర్యాదుల ఆదివారం

పోయిన వారం గాలివానకి మా పెరటి కొబ్బరిచెట్టు మట్ట ఒకటి విరిగి కరెంటు తీగ మీద పడింది. వీధంతా వెలుగుతుంటే మా ఇల్లొక్కటే చీకటి. పక్కింటాయన గుమ్మంలో నిలబడి, "దేవుణ్ణి తిడితే ఇంతేనండీ మాస్టారూ" అన్నాడు. ఆ మట్ట ఎండిపోయిందనీ, కొట్టించమని మా ఆవిడ ఎన్నాళ్ళుగానో చెబుతోందనీ, ఇందులో దేవుడి ప్రమేయం కన్నా నా బద్ధకం ప్రమేయమే ఎక్కువనీ ఆయనకి వివరించాను. నమ్మలేదు. మర్నాడు పొద్దున్నే హనుమాన్ జంక్షన్ కరెంటాఫీసుకి బయల్దేరాను.

అక్కడ బల్ల వెనక కొత్తగా వచ్చిన ఏఈ గారు కూర్చుని ఉన్నారు. పాతికేళ్ళు దాటిన అమ్మాయి. నా ముందున్న రైతు తన మోటారు గొడవ చెబుతున్నాడు. ఆయన ఆపగానే ఆ అమ్మాయి తల కాస్త పక్కకి వంచి, చెవి వెనక అరచెయ్యి డొప్పలా పెట్టి, "ఇంకా?" అంది.

"అంతేనండి" అన్నాడు రైతు.

"అంతేనా? బాగా వెతుక్కోండి. ఇంతదూరం వచ్చి ఒక్కదానితో వెళ్ళిపోతారా?"

రైతు అనుమానంగా చూశాడు. ఆఫీసుల్లో ఇలా మాట్లాడేవాళ్ళని ఆయన చూసి ఉండడు. కాసేపు తల గోక్కుని, చేలో స్తంభం ఒకటి పక్కకి వాలిందని చెప్పాడు. ఆమె మహా సంతోషంగా రాసుకుంది.

నేను వరసలో నిలబడి నవ్వు ఆపుకోలేకపోయాను. ఫిర్యాదు చెప్పినవాణ్ణి ఇంకొకటి చెప్పమని బతిమాలే మనిషిని నా జీవితంలో ఒక్కరినే చూశాను. ఆవిడ పోయి రెండేళ్ళవుతోంది. ఆ చెయ్యి, ఆ తల వంచడం, ఆ "ఇంకా?" అచ్చంగా ఆవిడవే.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. ఎందుకు రాయనో కంచాల సంగతి వచ్చినప్పుడు మీకే తెలుస్తుంది.

ఆవిడది పెడన దగ్గర నేతగాళ్ళ కుటుంబం. విజయవాడ వన్ టౌన్‌లో, రెండు సైకిళ్ళు ఎదురైతే ఒకటి ఆగాల్సిన సందులో, బట్టల హోల్‌సేల్ కొట్టు నడిపేది. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేది. చుట్టూ గోడలకి కప్పుదాకా తానులు. మెళ్ళో ఒక రిబ్బనుకి కత్తెర వేలాడుతుండేది గానీ దానితో అంచు మీద చిన్న గాటు పెట్టడమే. ఆ తర్వాత రెండు చేతులతో చర్రున చింపేది. గుడ్డ చింపిన చప్పుడుకి ఎదుటివాడు ఉలిక్కిపడితే ఆవిడకి సరదా. ఎడమ చెవి సరిగా వినపడదు. అందుకే కుడి చెవి వెనక చెయ్యి పెట్టుకుని వినేది. కానీ తనకి ఇష్టంలేని మాట వచ్చినప్పుడు ఆ చెయ్యి తీసేసేది.

ఇంకో అలవాటు, ఎవరు దగ్గరికొచ్చినా వాళ్ళ ఒంటి మీది గుడ్డ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నలిపి చూడటం. పలకరింపు ఆ తర్వాతే. నాతో మొదటి పరిచయం కూడా అలాగే జరిగింది.

అప్పట్లో నేను విజయవాడలో లెక్చరర్ని. స్టేషన్ ప్లాట్‌ఫారాల మీద, బస్టాండులో పెరిగిన పిల్లల కోసం కొంతమంది ఒక హాస్టల్ నడుపుతుంటే, అక్కడికి వెళ్ళి దయ్యాల మీదా బాబాల మీదా ఉపన్యాసం ఇచ్చాను. నాలుక మీద కర్పూరం వెలిగించుకున్నాను. నిప్పు లేకుండా కాయితం అంటించి, అది మంత్రం కాదు రసాయనమని చూపించాను. పిల్లలు దయ్యాల గురించి భయపడలేదు. వాళ్ళు రాత్రిళ్ళు గూడ్సు బళ్ళ కింద పడుకున్నవాళ్ళు. దయ్యం ఎదురైతే దాని జేబు వెతికేవాళ్ళు. వాళ్ళకి నచ్చింది కర్పూరం. అంతా అయ్యాక వెనక కుర్చీలోంచి, బట్టలకొట్టావిడ అని హాస్టల్ వాళ్ళు నాకు ముందే చూపించిన పెద్దావిడ లేచి వచ్చి నా లాల్చీ అంచు పట్టుకుని నలిపింది.

"ఇందులో పాలిస్టరు కలిసింది మాస్టారూ. చేతినేత అని చెప్పి అమ్మారా? దేవుడినేనా పరీక్ష చేసేది, చొక్కాని చెయ్యక్కర్లేదా?"

"అమ్మినవాడు మీ కొట్లో కొన్నానన్నాడమ్మా" అన్నాను.

అబద్ధమే. కానీ ఆవిడ పకపకా నవ్వింది. ఆ నవ్వుతో మా పోట్లాట మొదలైంది. ఆవిడ బతికున్నంతకాలం సాగింది.

ఆవిడ ఆ హాస్టల్లో పిల్లల చదువు భరించేది. నాకది నచ్చేది కాదు. నా ఉపన్యాసాల్లో సగం దానధర్మాల మీద దండెత్తినవే. చదువు ఇవ్వడం ప్రభుత్వం పని. ఆ పని ఒక బట్టలకొట్టావిడ దయ మీద జరుగుతోందంటే అది ఆవిడ గొప్పతనం కాదు, మనందరి సిగ్గు. పైగా మన దాతల సంగతి తెలిసిందే. ట్యూబులైటు ఇస్తే వెలుతురు రాకుండా దాని మీద పేరు రాయిస్తారు. పాఠశాలకి పంకా ఇస్తే అది తిరిగినంతసేపూ వాళ్ళ తాతగారి పేరు మన నెత్తిన తిరగాలి. ఇచ్చే చెయ్యి పైనా, పుచ్చుకునే చెయ్యి కిందా ఉన్నంతకాలం పిల్లవాడికి చదువు వస్తుందేమో గానీ వెన్నెముక రాదు. ఇదంతా ఆవేళే ఆవిడకి చెప్పాను.

"ప్రభుత్వం కట్టాలి. ఒప్పుకున్నాను" అంది. "కట్టేదాకా ఈ పిల్లల్ని అయిదో క్లాసులోనే కూర్చోమంటారా?"

"కూర్చోమనను. పోరాడమంటాను."

"పోరాడండి. మీరు గెలిచి వచ్చి చెప్పండి, ఆ రోజు నుంచి నేను మానేస్తాను. ఈలోగా కాఫీ తాగుతారా?"

ఈ వాదనలో ఎవరు గెలిచారని అడిగితే, ఇద్దరం సరిగ్గానే చెప్పామని ఇప్పటికీ అంటాను. ప్రభుత్వాన్ని అడగడం నేను మానలేదు. ఫీజులు కట్టడం ఆవిడ మానలేదు.

ఇక ఆవిడ చేసిన పెద్ద పొరపాటు సంగతి చెప్పాలి. అది బట్టల వ్యాపారి మాత్రమే చెయ్యగల పొరపాటు.

మన కృష్ణాజిల్లా ఇళ్ళల్లో ఒక అలవాటు ఉంది, మీకూ తెలుసు. పండగకి అన్నదమ్ముల పిల్లలందరికీ ఒకే తానులోంచి గుడ్డ తీస్తారు. పెద్దవాడికి చొక్కా, చిన్నవాడికి నిక్కరు, ఆడపిల్లలకి గౌన్లు, మిగిలితే మేనత్తకి జాకెట్టు. అందరూ ఒకే పువ్వు, ఒకే రంగు. వీధిలో చూడగానే "ఫలానావారి పిల్లలు" అంటారు. తగాదాలుండవు, గుడ్డా వృథా కాదు. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళింట్లో అదే పద్ధతి. తన సొంత పిల్లలకీ అదే పద్ధతి.

స్కూళ్ళు తెరిచే ముందు హాస్టల్ పిల్లలకి కూడా అదే చేసింది. కొట్లో ఉన్నవాటిలోకెల్లా మంచి తాను తీసింది. చిలకపచ్చ రంగు మీద పసుపు చుక్కలు. శుద్ధమైన నూలు. "పదేళ్ళు ఉతికినా రంగు పోదు మాస్టారూ, చూస్తుండండి" అని మురిసిపోయింది. అది హోల్‌సేల్‌కి పోవలసిన సరుకు. దానిలోంచే పిల్లలందరికీ కుట్టించింది. ఆవిడ ఉద్దేశంలో అది దానం కాదు. మీరంతా ఒక ఇంటి పిల్లలని చెప్పడం.

వారమంతా స్కూల్లో యూనిఫారం. శనివారం మాత్రం రంగుబట్టలు వేసుకోవచ్చు. మొదటి శనివారం హాస్టల్ పిల్లలంతా మెరిసిపోతూ చిలకపచ్చ బట్టల్లో వెళ్ళారు. మధ్యాహ్నం బెల్లు కొట్టేసరికి వాళ్ళకి పేరు పడిపోయింది. స్టేషను చిలకలు.

తర్వాతి శనివారానికి ఆ పేరు స్కూలు గోడ దాటింది. ఆటోవాళ్ళు, బడ్డీకొట్టువాళ్ళు కూడా "చిలకలొచ్చాయిరోయ్" అనడం మొదలుపెట్టారు. ఆవిడకి ఇవేమీ తెలియవు. నాకూ తెలియదు.

తెలిసిన రోజు నేను కొట్లోనే ఉన్నాను. జాతకాల మీద ఏదో వాదించుకుంటున్నాం. ఒక పిల్ల చెప్పులు బయట విడవకుండా తిన్నగా పరుపు మీదికి నడిచి వచ్చింది. ఆరో తరగతి. పేరు దుర్గ. స్టేషన్లో దొరికిన ఆడపిల్లకి విజయవాడలో ముందు తోచే పేరు అదే. ఎవరో పోలీసాయన పెట్టాడట. ఆ చిలకపచ్చ గౌను మడిచి చంకలో పెట్టుకుని వచ్చి ఆవిడ ఒళ్ళోకి విసిరింది.

"ఇది నాకొద్దు. స్కూలూ వద్దు."

వెనకాలే హాస్టల్ వార్డెన్ రొప్పుకుంటూ వచ్చాడు. మంచివాడే. దాతలంటే మాత్రం వణుకు. "తప్పమ్మా, తప్పు. మామ్మగారికి దండం పెట్టు. లెంపలేసుకో" అంటున్నాడు. పిల్లలంతా ఆవిడని షాపు మామ్మగారు అనేవాళ్ళు.

ఆవిడ చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది. "ఎందుకొద్దే?"

"ప్లాట్‌ఫారం మీద ఉన్నప్పుడు నేనెవరో ఎవరికీ తెలిసేది కాదు. జనంలో కలిసిపోయేదాన్ని. ఇప్పుడు బెంజ్ సర్కిల్లో నిలబడి చూసినా తెలిసిపోద్ది. అదిగో స్టేషను పిల్ల, మామ్మగారు గుడ్డలిచ్చిన పిల్ల అని."

నేను నోరు తెరిచాను. ఆవిడ నా వైపు తిరగకుండానే, "మాస్టారూ, మీరు ఏం చెప్పబోతున్నారో నాకు తెలుసు. ఆగండి" అంది. పిల్లతో, "ఇంకా?" అంది.

దుర్గకి ఈ ప్రశ్న అర్థం కాలేదు. తిడతారనో కొడతారనో సిద్ధపడి వచ్చినట్టుంది.

"ఇంకా ఏంటి?"

"ఇంకా ఏమేం నచ్చలేదు? అన్నీ చెప్పు. గుడ్డ ఒక్కటే అయితే స్కూలెందుకు మానేస్తావు?"

అప్పుడు మొదలుపెట్టింది. పప్పులో నీళ్ళు ఎక్కువని చెప్పింది. సోషల్ టీచరు ఎవరి చదువుకి ఎవరు కడుతున్నారో క్లాసులో నిలబెట్టి చెప్పించిందని చెప్పింది. అన్నానికి ముందు రోజూ చేతులు జోడించి, 'మా దాతలు చల్లగా ఉండాలి' అని గట్టిగా అనాలని చెప్పింది.

"నేను చల్లగా ఉండాలని రోజూ అంటున్నారా?"

"రెండు పూటలా."

"అందుకేనన్నమాట నా జలుబు తగ్గట్లేదు."

పిల్ల నవ్వలేదు. "కంచం అడుగున మీ పేరుంది" అంది. "స్టీలు కంచాల మీద చెక్కించారు. అన్నం అయిపోయే కొద్దీ మీ పేరు పైకి వస్తది. అందుకే నేను కాస్త వదిలేస్తన్నాను."

ఆ మాటకి ఆవిడ చెయ్యి చెవి మీద నుంచి జారిపోయింది. ఇష్టంలేని మాట విన్నప్పుడు తీసేసినట్టు కాదు. దానంతట అదే జారింది. వార్డెన్ వైపు చూసింది. ఆ పేర్లు చెక్కించింది ఆయనే, కృతజ్ఞత కొద్దీ. ఆవిడకి చెప్పకుండా చేశాడు, చెబితే వద్దంటుందని.

"అమ్మా, చిన్నపిల్ల, తెలియక వంకలు పెడుతోంది" అన్నాడు పాపం.

"పెట్టనివ్వండి" అంది ఆవిడ. "ముప్పయ్యేళ్ళ నుంచి ఈ పరుపు మీద కూర్చుంటున్నాను వార్డెన్ గారూ. సరుకు బాగుంది, బాగుంది అన్నవాడు ఎప్పుడూ కొనడు. కాఫీ తాగి వెళ్ళిపోతాడు. అంచు బాగాలేదు, పన్నా వెడల్పు చాల్లేదు అని వంకలు పెట్టేవాడే కొంటాడు. ఈ పిల్ల చదువు కొనుక్కుందామనే వచ్చింది. మనమే సరుకు సరిగా చూపించలేదు."

నేను దానధర్మాల మీద చాలా పుస్తకాలు చదివాను, కొన్ని రాశాను. దాత అంటే కొట్టువాడనీ, పిల్ల బేరమాడే హక్కున్న కొనుగోలుదారనీ చెప్పినవాళ్ళు నాకు ఆ పుస్తకాల్లో కనపడలేదు.

"స్కూలు మానేసి ఏం చేస్తావు?" అని అడిగింది ఆవిడ.

"స్టేషన్‌కి పోతా."

ఊరికే బెదిరింపు కాదది. ఆ ముందు నెల ఒక పిల్ల అలాగే వెళ్ళిపోయింది. మళ్ళీ ఎవరికీ కనపడలేదు. వార్డెన్ ముఖం పాలిపోయింది. ఆవిడ మాత్రం బేరానికి దిగినట్టు ముందుకి వంగింది.

"ఏం చేస్తే వెళ్తావు?"

దుర్గ కొట్టంతా చూసింది. మూలన ఆ చిలకపచ్చ తాను మిగిలిన ముక్క ఉంది. దాని వైపు గడ్డం ఎత్తి చూపించింది. "మిగతాది మీరు కుట్టించుకోండి. వేసుకొచ్చి శనివారం మా స్కూలు గేటు దగ్గర నిలబడండి. అప్పుడు తెలుస్తది ఎట్టుంటదో."

నాకు నవ్వొచ్చింది. అదే నేను చేసిన తప్పు. పిల్ల నా వైపు తిరిగి, "ఈయన కూడా" అంది.

"ఇంకెవరైనా ఉన్నారా?" అంది ఆవిడ.

"వార్డెన్ సారూ."

"మేం నిలబడితే నువ్వు స్కూలుకి వెళ్తావా?"

"మీరు నిలబడరు."

"నిలబడితే?"

పిల్ల మూలనున్న తాను వైపు ఇంకోసారి చూసింది. "వెళ్తా."

ఆవిడ చెయ్యి చాచింది. పిల్ల ఆ చేతిలో చరిచింది. ఆ సందులో పెద్ద పెద్ద బేరాలు కూడా అలాగే ముగుస్తాయి.

"ఇప్పుడు నీ గుడ్డ నువ్వే ఏరుకో" అంది ఆవిడ. "ఏ తాను కావాలంటే అది."

దుర్గ తానులన్నిటి ముందూ నడిచింది. పట్టులా మెరిసేవి చూసింది, జరీ చుక్కలవి చూసింది, దేన్నీ ముట్టుకోలేదు. చివరికి ఒక ముదురు నీలం తాను దగ్గర ఆగింది. పువ్వూ లేదు, గీతా లేదు. "ఇది అందరూ వేసుకుంటారా?"

"ఊరంతా అదే. చూసి చూసి నాకు మొహం మొత్తింది."

"అయితే ఇదే."

ఆవిడ అంచు మీద గాటు పెట్టి చర్రున చింపింది. హోల్‌సేల్ కొట్లో నిండు తానులోంచి ఒక్క గౌను గుడ్డ చింపితే ఆ తాను ఇక తాను కాదు. చిల్లర వర్తకుడు దాన్ని ముట్టుకోడు. గుమాస్తా కళ్ళు మూసుకున్నాడు.

ఆ శనివారం పొద్దున స్కూలు గేటు దగ్గర ముగ్గురం నిలబడ్డాం. ఆవిడ చిలకపచ్చ జాకెట్టు, దాని మీదికి తెల్లచీర. వార్డెన్ చిలకపచ్చ చొక్కా, తల దించుకుని. నేను చిలకపచ్చ లాల్చీ. దర్జీ చేతులు కాస్త పొడుగ్గా కుట్టాడు. పసుపు చుక్కలు నా పొట్ట మీద ఇంకా పెద్దవిగా కనపడ్డాయి. ఆటోలు నెమ్మదించి మరీ వెళ్తున్నాయి. వేరుశనక్కాయలు అమ్మే అతను తోపుడుబండి ఆపేశాడు.

"ఏం పార్టీ అండీ? ఎలక్షన్లకి ఇంకా టైముందిగా?"

"చిలకల పార్టీ నాయనా" అంది ఆవిడ. "నిలబడ్డది ముగ్గురమే. ఓటేస్తావా?"

గేటు దగ్గర పిల్లలు గుంపులుగా ఆగిపోయి నవ్వుతున్నారు. "చిలక తాత, చిలక తాత" అన్నారు ఎవరో. అప్పటికి నాకు నలభయ్యేళ్ళు దాటి ఎంతో కాలం కాలేదు. ఆ తాత అన్న మాటే ఎక్కువ బాధ పెట్టింది. వార్డెన్ గొణుగుతున్నాడు, "వస్తుందంటారా అమ్మా? రాదేమో." ఆవిడ ఒక్కసారి నా మోచెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళు గుడ్డ నలపడానికి పట్టుకున్నట్టు లేవు.

బెల్లు కొట్టే ముందు దుర్గ వచ్చింది.

నిజం చెప్పాలంటే వచ్చిందని మాకు వెంటనే తెలియలేదు. ముదురు నీలం గౌన్లు వేసుకున్న ఆడపిల్లలు గేట్లోంచి బోలెడుమంది పోతున్నారు. వాళ్ళ మధ్యలో, ఎవరో పిల్ల భుజం మీద చెయ్యేసుకుని, ఏదో చెప్పుకుంటూ, మా ముందు నుంచే వెళ్ళిపోయింది. మావైపు తలెత్తి చూడలేదు. ఒక్క చూపు లేదు. మేమెవరో తనకి తెలియనట్టు. అంతమందిలో తనెవరో ఎవరికీ తెలియలేదు. బెంజ్ సర్కిల్లో నిలబడి చూసినా తెలిసిపోయేది మేం ముగ్గురమే.

"చూశారా మాస్టారూ?" అంది ఆవిడ. ముఖం వెలిగిపోతోంది. "మనల్ని చూడను కూడా చూడలేదు."

దాతలు సంతోషించడం నేను చూశాను. కాళ్ళకి దండం పెట్టినప్పుడు, శాలువా కప్పినప్పుడు, పిల్లవాడు మైకు ముందు ఏడుస్తూ పేరు చెప్పినప్పుడు సంతోషిస్తారు. తను చదివించే పిల్ల తనని ఎరగనట్టు వెళ్ళిపోయిందని సంతోషించిన మనిషి ఆవిడొక్కతే. ఆ సంతోషంలో వేరుశనక్కాయలబండి దగ్గర మా ముగ్గురికీ పొట్లాలు కొంది. డబ్బులు వార్డెన్ చేత ఇప్పించింది. "కంచాల మీద పేర్లు చెక్కించినందుకు ఇది జరిమానా" అంది.

ఆ సాయంత్రం జ్యోతిషం మీద నాకొక చర్చాసభ ఉంది. ఇంటికి వెళ్ళి మార్చుకునే వ్యవధి లేక అదే లాల్చీతో వేదిక ఎక్కాను. ఎదుటిపక్షం జ్యోతిష్కుడు నన్ను చూసి చిరునవ్వు నవ్వి, "వారు కాదన్నా వారి మీద బుధగ్రహ ప్రభావం ఉంది, ఆకుపచ్చ ధరించారు" అన్నాడు. "బుధుడు కాదండీ, ఆరో తరగతి పిల్ల. ఆవిడ ప్రభావం ఎంతటిదో మీ పంచాంగంలో ఉండదు" అన్నాను. సభ గొల్లుమంది. ఆ చర్చలో నేను చెప్పిన శాస్త్రీయ కారణాలన్నీ మర్చిపోయారు గానీ ఆ లాల్చీని ఊళ్ళో ఇంకా తలుచుకునేవాళ్ళున్నారు.

ఆ తర్వాత కంచాలు పాత్రల కొట్టుకి వెళ్ళి, వాటి బదులు ఏ పేరూ లేని కంచాలు వచ్చాయి. ప్రార్థన ఆగిపోయింది. ఆవిడే స్కూలుకి వెళ్ళి సోషల్ టీచరు చీర అంచు నలిపి చూసి, నెమ్మదిగా నాలుగు మాటలు చెప్పి వచ్చింది. అక్కడినుంచే ఫిర్యాదుల ఆదివారం మొదలైంది.

ఆదివారం కొట్టు మూసేవాళ్ళు. ఆ రోజు పిల్లలు సిటీబస్సెక్కి వచ్చి పరుపు మీద కూర్చునేవాళ్ళు. ఒక్కొక్కరూ ఒక ఫిర్యాదు చెప్పాలి. హాస్టల్ మీద, స్కూలు మీద, ఆవిడ మీద, దేని మీదైనా సరే. "ఏం లేదు మామ్మగారూ, అంతా బాగుంది" అన్నవాణ్ణి మూలకి పంపేది. "బాగుందన్నావంటే భయపడుతున్నావన్నమాట. పో, కూర్చుని వెతుక్కో." ఆ మూల నుంచి వచ్చేటప్పటికి వాడికి రెండు గుర్తొచ్చేవి. లెక్కల ట్యూషనూ, దోమలూ, ఇంగ్లీషు రాని ఇంగ్లీషు మాస్టారూ, అన్నీ అక్కడ పరుపు మీదికి వచ్చాయి. కొన్ని తీరేవి, కొన్ని తీరేవి కావు. తీరనివాటికి ఎందుకు తీరవో చెప్పేది. అది వాళ్ళకి మరీ నచ్చేది.

తర్వాత గుడ్డలు ఏరుకోవడం. ఇద్దరు పిల్లలకి ఒకే తాను చింపకూడదని ఆవిడ పెట్టుకున్న నియమం. ఒకసారి ఒకడు కిటికీ తెరల గుడ్డ ఏరుకున్నాడు, అరచేతంత గులాబీలు. ఆవిడ నవ్వకుండా చింపి ఇచ్చింది. వాడు ఏడాదంతా ఆ గులాబీలతో రాజాలా తిరిగాడు. ఇదంతా అయ్యాక అష్టాచెమ్మా. గవ్వలు వేసేటప్పుడు ఆవిడ చేసే మోసం ఇంతింత కాదు. పిల్లలు పట్టుకుంటే, "అది ఫిర్యాదు కింద చెప్పండి, వచ్చే ఆదివారం వింటాను" అనేది.

శుక్రవారం శుక్రవారం ఆవిడ కొండెక్కి అమ్మవారి గుడికి వెళ్ళేది. నేను ఊరుకోను కదా. "ఏం అడుగుతారు అక్కడ?" అన్నాను ఒకసారి.

"అడగను. నేనూ ఫిర్యాదే చేస్తాను."

"వింటుందా మరి?"

"ఎక్కడ. మీ ప్రభుత్వమూ, మా అమ్మవారూ ఒకటే. మనమే వెళ్ళి చెబుతూ ఉండాలి."

ఆవిడ పోయినప్పుడు సంతాపసభ పెట్టారు. పెద్దలు లేచి దానగుణం అన్నారు, దయామూర్తి అన్నారు. నేను మాట్లాడబోయేలోగా ముందు వరసలోంచి ఒక కుర్రాడు లేచాడు. కిటికీ తెరల చొక్కావాడు, ఇప్పుడు మీసాలొచ్చాయి. "మామ్మగారి మీద నాకొక ఫిర్యాదుంది. అష్టాచెమ్మాలో నా కాయల్ని అన్యాయంగా చంపేది" అన్నాడు. వాడి వెనక ఇంకొకరు, ఇంకొకరు. తమ్ముడు పాసవ్వకపోయినా వాణ్ణే వెనకేసుకొచ్చిందని ఒకామె. సినిమాకి తీసుకెళ్తానని సాగదీసిందని ఒకడు. సభ నవ్వుల్తో నిండిపోయింది. బయట నిలబడినవాళ్ళు ఇదేదో పెళ్ళివారనుకుని ఉంటారు. ఆ రోజు నేను ఉపన్యాసం ఇవ్వలేదు. ఇవ్వాల్సిన అవసరం కనపడలేదు.

దుర్గ ఆ సభకి రాలేదు. దూరంగా ఎక్కడో ట్రైనింగులో ఉందన్నారు. ఇన్నేళ్ళ తర్వాత ఇదుగో, కరెంటాఫీసులో బల్ల వెనక. బల్ల మీది పేరుపలకలోనూ అదే పేరు.

నా వంతు వచ్చింది. నేను కొబ్బరిమట్ట సంగతి చెప్పాను. ఆమె రాసుకుంది. గుర్తుపట్టినట్టు ముఖంలో ఏమీ లేదు. ఇంటి నంబరు అడిగింది, వీధి అడిగింది. మధ్యాహ్నానికి లైన్‌మన్ వస్తాడంది. తర్వాత తల వంచి, చెవి వెనక చెయ్యి పెట్టి, "ఇంకా?" అంది.

"ఇంకొకటుంది. పాతది" అన్నాను.

"చెప్పండి."

"ఒక శనివారం స్కూలు గేటు దగ్గర, చిలకపచ్చ లాల్చీ వేసుకుని ఎండలో నిలబడ్డాను. ఒక పిల్ల నావైపు చూడనైనా చూడలేదు."

ఆమె పెన్ను కింద పెట్టింది. వెనక వరసలో ఉన్నవాళ్ళకి వినపడకుండా గొంతు తగ్గించింది.

"గేటు మలుపులోనే చూశాను మాస్టారూ. ముగ్గుర్నీ. అందుకే తలెత్తలేదు. ఎత్తితే నవ్వేసేదాన్ని. నవ్వితే మీరు మావాళ్ళేనని అందరికీ తెలిసిపోయేది."

నేను ఏదో అనబోయాను. ఆమె నా లాల్చీ అంచు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ఒకసారి నలిపింది.

"ఇది కాదు. ఆ చిలకపచ్చది ఉందా ఇంకా?"

"ఉంది. రంగు పోలేదు."

"పోదు" అంది ఏఈ గారు. పెన్ను తీసుకుని నా వెనక ఉన్నాయన వైపు చూసి, మళ్ళీ అందరికీ వినపడే గొంతుతో, "రండి, మీ ఫిర్యాదేంటండీ?" అంది.